పుట్టీ పూసే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్లాస్టిక్ విమానం బొమ్మ కిట్‌లో బాడీ సగాలు రెండూ కలవడం లేదనీ, రెక్క మొదట్లో సందు వస్తోందనీ రాశారు. సందు కనబడగానే పుట్టీ (సందులు పూడ్చే ముద్ద) మీదికి చెయ్యి పోతుంది. ఆగండి. చాలాసార్లు లోపల ఏదో అడ్డుపడుతూ ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోవాలి.

జిగురు లేకుండా అమర్చి చూడండి. ముక్కలన్నీ అతికి వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి ముక్క తుంచినచోట మిగిలిన బొడిపెలు, అంచున వేలాడే పల్చటి ప్లాస్టిక్ పొర, లోపలివైపు ఉబ్బిన గుండ్రటి అచ్చు గుర్తులు తీసేయండి. కాక్‌పిట్ (పైలట్ కూర్చునే గది) పెట్టకపోతే సగాలు కలిసి, పెడితే కలవకపోతే తప్పు దానిదే. దాని పక్కల్ని కొంచెం కొంచెంగా అరగదీస్తూ, ప్రతిసారీ మూసి చూడండి. అతికే అంచుల మీద రంగు ఉంటే గీకేయండి. మోడల్ సిమెంట్ అనే జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది, రంగు మీద సరిగ్గా పట్టదు.

రెక్క సంగతి వేరు. బాడీ ఇరుకైతే, ఫ్రేమ్ ముక్క ఒకటి కొలతకు కోసి లోపల అడ్డంగా బిగిస్తే బాడీ వెడల్పవుతుంది, సందు మూసుకుంటుంది. రెక్కలు కిందికి వాలి పైన సందు వస్తుంటే, ఒక రెక్క కొస నుంచి రెండో కొస దాకా బాడీ మీదుగా టేపు లాగి కట్టి, సిమెంట్ ఆరేదాకా వదిలేయండి. ఎంత లేపాలో సూచనల కాగితంలోని ముందువైపు బొమ్మ చూసి సరిచూసుకోండి. అప్పటికీ సందు ఉంటే 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీట్ ముక్క దూర్చి అతికించి, ఆరాక అంచు సమం చేయండి.

వెంట్రుకవాసి గీత మిగిలితేనే పుట్టీ. మందంగా పూస్తే ఆరేకొద్దీ కుంగిపోతుంది. రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసుకుంటే పక్కనున్న ప్యానెల్ గీతలు (రేకుల అతుకుల్లా చెక్కిన సన్నని గీతలు) చెరగవు. 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600, 1000 తడిపి రుద్దండి. సూపర్ గ్లూతో పూడిస్తే మాత్రం రుద్దడం ఆలస్యం చేయకండి, గట్టిపడ్డాక చుట్టూ ఉన్న ప్లాస్టికే ముందు అరిగిపోతుంది. పైలట్ మీది పారదర్శకమైన మూత, అంటే కానపీకి సూపర్ గ్లూ అసలు వద్దు, దాని ఆవిరికి తెల్లబారుతుంది. తెల్ల జిగురు చాలు.

వంకర పోయిన ముక్కను వేడినీళ్లలో ముంచి సరిచేసి, చన్నీళ్లలో పెట్టండి. వేడినీళ్ల దగ్గర, కత్తి దగ్గర పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

మరిచాను, మీది ముక్కు కింద చక్రం ఉన్న విమానమైతే, బాడీ మూయకముందే ముక్కులో బరువు పెట్టాలేమో చూసుకోండి. లేకపోతే తోక మీద కూర్చుంటుంది.

మీ తాతయ్య