బొమ్మలే కదా, మరి ఏడుపెందుకొచ్చింది?

ప్రియమైన బుజ్జికి, చిన్నూకి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, ఆ రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి "పొద్దున చెప్తాలే, పడుకో" అని తప్పించుకున్నాను. ఆ పొద్దున నాకు ఇవాళ్టికి తెల్లారింది.

ప్రశ్న మాత్రం మర్చిపోలేదు. మీరిద్దరూ బాంబి అనే జింకపిల్ల కార్టూన్ సినిమా చూశారు. "తాతయ్యా, బాంబి వాళ్లమ్మ చచ్చిపోయినప్పుడు నాకు ఏడుపొచ్చింది. అన్నయ్యేమో నవ్వాడు. అవి ఎవరో గీసిన బొమ్మలే, గీతకి ప్రాణం ఎక్కడిది పోవడానికి అన్నాడు. మరి నాకెందుకు ఏడుపొచ్చింది?" అని కదా అడిగావు.

చిన్నూ, నువ్వన్నది నిజమే. అవి గీతలే. కానీ చెల్లెలు ఏడుస్తుంటే నవ్వడమేం పనిరా? నువ్వూ దుప్పటి చాటున కళ్లు తుడుచుకున్నావని మీ అమ్మ నాకు చెప్పిందిలే.

ముందు మీరిద్దరూ గమనించని సంగతి ఒకటి చెప్తాను. ఆ సినిమా 1942లో వచ్చింది. ఆ చోటుకి వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. తల్లి జింక చనిపోవడం తెర మీద లేనే లేదు. మంచులో తల్లీ పిల్లా పరుగెడుతుంటారు. వెనక్కి చూడకు, పరుగెత్తు అని తల్లి అరుస్తుంది. తుపాకి మోత వినిపిస్తుంది. పిల్ల పొదలోకి చేరి, వచ్చేశామమ్మా అంటూ వెనక్కి తిరిగితే తల్లి ఉండదు. ఆ తర్వాత మంచు కురుస్తుంటే అమ్మా అమ్మా అని వెతుక్కుంటుంది. అంతే. అంటే బుజ్జి ఏడ్చింది ఎవరూ గీయని బొమ్మకి! గీత లేకుండానే ఏడుపొచ్చిందంటే, ఇక గీతకి ప్రాణం ఉందా లేదా అన్న నీ లాయర్ పాయింటు ఏమైనట్టురా చిన్నూ?

దీని సంగతి తేలాలంటే అసలు బొమ్మ ఎలా కదులుతుందో తెలియాలి. కంటి గురించీ మెదడు గురించీ పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలున్నాయి. అవి మీ టీచర్లకి వదిలేస్తాను. నాకు తెలిసింది పూలదండ.

పూలు బుట్టలో ఉన్నంతసేపూ పూలే. దారానికెక్కితే దండ. సినిమా అంటే అలా గుచ్చిన బొమ్మలే. ఏ ఒక్క బొమ్మా కదలదు, దాని పక్కన ఉన్నది ఇసుమంత తేడాతో ఉంటుంది. సెకనుకి 24 చొప్పున కళ్లముందు నుంచి పోతుంటే మనకి పూలు విడివిడిగా కనబడవు, దండ కనబడుతుంది. పూలు ఎడంగా గుచ్చితే మధ్యలో దారం బయటపడుతుంది చూశారూ, అలాగే బొమ్మకీ బొమ్మకీ మధ్య తేడా ఎక్కువైతే కదలిక కుదుపులు కుదుపులుగా ఉంటుంది. గీసేవాళ్లవీ చేతులే కదా, నొప్పి పుడతాయి. అందుకని చాలాచోట్ల ఒక్కో బొమ్మకి రెండేసి ఫోటోలు తీస్తారు. అప్పుడు సెకనుకి 12 గీస్తే చాలు. ఒకే పువ్వుని జంటగా గుచ్చడమన్నమాట.

స్నో వైట్, ఏడుగురు మరుగుజ్జుల సినిమా 1937లో వచ్చింది, 83 నిమిషాలు. చిన్నూ, లెక్క నువ్వు చెయ్యి. 83ని 60తో గుణించి, వచ్చినదాన్ని 24తో గుణించు. 1,19,520 వస్తుంది. అన్ని ఫోటోలు! బొమ్మలు గీసిన పల్చటి షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి తీసినవి కూడా ఉంటాయి. మీకు ఒక హోంవర్క్ పేజీ రాసేసరికే చెయ్యి లాగేస్తుంది కదా.

అంత పొడుగు దండ ఒక్కరే గుచ్చలేరు. పెద్ద చిత్రకారుడు పెద్ద పూలు పెట్టుకుంటూ పోతాడు. బాంబి గడ్డకట్టిన చెరువు మీద అడుగు పెట్టడం ఒక పువ్వు, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి జారిపోవడం ఇంకో పువ్వు, గడ్డం వెళ్లి మంచుగడ్డకి ఆనడం మరో పువ్వు. వీటి మధ్య ఉండాల్సిన చిన్నచిన్న పూలన్నీ వేరేవాళ్లు గుచ్చుతారు. వాళ్లని ఇన్‌బిట్వీనర్లు అంటారు. ఆ తర్వాత బొమ్మని సెల్ అనే అద్దంలాంటి పల్చటి షీటు మీదికి ఎక్కించి, ముందువైపు ఇంకుతో గీత గీసి, వెనకవైపు రంగు నింపుతారు. కింద పరిచే అడవి బొమ్మ విడిగా ఉంటుంది. దాని మీద ఒక షీటు పెట్టి ఫోటో తీసి, దాన్ని తీసేసి ఇంకో షీటు. అడవి మాత్రం అదే. దండ తగిలించే గోడ అనుకోండి. గోడ నిండా పిచ్చి డిజైన్లుంటే దండ ఎంత బాగున్నా కంటికి ఆనదు.

బాంబికి సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. మొదట్లో అడవి అంటే ప్రతి ఆకూ ప్రతి కొమ్మా గీసేశారు. అందులో జింకపిల్లని వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పుడు ఆ సినిమా తీస్తున్న డిస్నీ స్టూడియోలో చిన్నపూలు గుచ్చే పనిలో టైరస్ వాంగ్ అనే కుర్రాడు ఉండేవాడు. చైనాలో పుట్టి, చిన్నతనంలో తండ్రి వెంట అమెరికా వచ్చినవాడు. జింకల సినిమా తీస్తున్నారని తెలిసి, తనంతట తాను చిన్నచిన్న అడవి బొమ్మలు కొన్ని వేసి చూపించాడు. వాటిలో ఆకులు లెక్కపెట్టేలా ఏమీ లేవు. పొగమంచు, దాని వెనక కాస్త వెలుతురు, రెండు మూడు చెట్ల మొదళ్లు. అయినా చూస్తే అడవిలో నిలబడ్డట్టే ఉంది. సినిమా మొత్తానికి ఆ తీరే ఖాయం చేశారు. తెర మీద మాత్రం అతని పేరు, వెనకాల కనిపించే అడవి బొమ్మలు వేసినవాళ్ల గుంపులో ఒకటిగా పడింది. ఆ స్టూడియో పెద్ద సన్మానం చేసింది 2001లో, అప్పటికి ఆయనకి 90 ఏళ్లు. ముసలితనంలో సొంత చేతులతో గాలిపటాలు చేసి సముద్రం ఒడ్డున ఎగరేసేవాడట. 106 ఏళ్లు బతికాడు. పాత సినిమాల్లో పేర్లు మొదట్లోనే వచ్చేస్తాయి. ముందుకి తోసేయకండి. ఆ పేరు ఎక్కడుందో పట్టుకోండి.

ఇక్కడిదాకా చదివిన మీ అమ్మమ్మ "ఇంతకీ దండ పూర్తయిందా, ఇంకా గుచ్చుతున్నారా?" అంటోంది. ఆపేస్తున్నాను.

జింకని గీయాలంటే జింకని చూడాలి కదా. ఆ చిత్రకారుల కోసం నిజం జింకపిల్లలని రెండింటిని స్టూడియోకే తీసుకొచ్చారు. కూర్చుంటే ఎలా కూర్చుంటుంది, లేస్తే ఏ కాలు ముందు లేపుతుంది అని చూస్తూ గీశారు. ఈసారి సినిమా చూసేటప్పుడు చప్పుడు వినగానే బాంబి చెవి ముందు తిరుగుతుందో తల ముందు తిరుగుతుందో చూడండి. నేను చెప్పను. ఇలా కాళ్లు జారి పడుతూ, సీతాకోకచిలుక తోక మీద వాలితే తెల్లబోతూ ఆ పిల్ల ముందే మీ మనసులో చేరిపోయింది. ఇంత దగ్గరైన పిల్ల "అమ్మా" అంటే ఎవరికి ఏడుపు రాదు?

నా చిన్నప్పుడు టీవీ లేదు. బడిలో ఒక గోడకి తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టరుతో కార్టూన్లు వేసేవారు. రీలు తిరుగుతుంటే టకటకటక మని ఒకటే చప్పుడు. బొమ్మ కన్నా నాకు ఆ చప్పుడంటేనే ఇష్టంగా ఉండేది. ఒకసారి ఎలుక పరుగెడుతూ పరుగెడుతూ టక్కున ఆగిపోయింది. ఏమిటా అని చూస్తుంటే దాని పొట్ట దగ్గర గోధుమరంగు చుక్క పుట్టింది, పొంగింది, పెద్ద చిల్లయింది. ఎలుక మాయం, దుప్పటి మీద తెల్లటి వెలుతురు! రీలు ఇరుక్కుపోయి, దీపం వేడికి కాలిపోయిందన్నమాట. నా పక్కనున్నవాడు ఎలుక చచ్చిపోయిందని భోరుమన్నాడు. నేనేడవలేదని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అంత చీకట్లో ఎవరు చూశారు?

మిషను తిప్పే ఆయన కాలిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించి మళ్లీ వేశాడు. ఆ ముక్క నేను అడిగి తెచ్చుకున్నాను. వెలుతురుకి పెట్టి చూస్తే వరసగా ఎలుకలు. అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఒకే బొమ్మని ఇన్నిసార్లు ఎందుకు గీశారా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. బాగా దగ్గరగా చూస్తే తోక ఒక్కోదాంట్లో వెంట్రుకవాసి పైకి లేస్తోంది! ఆ రోజు నుంచి లెక్కల నోటుబుక్కు మూలలన్నీ నావే. ఒక మూల గొడుగు మనిషిని గీయడం, తర్వాతి పేజీలో గొడుగు కాస్త ఎత్తడం, పేజీలన్నీ బొటనవేలితో గబగబా వదలడం. గొడుగు తెరుచుకునేది. లెక్కల మేష్టారు పట్టుకుని, తనూ వదిలి చూసి, మళ్లీ ఇంకోసారి వదిలి చూసి, ఆ తర్వాత చెవి మెలేశారు. చూడటం ముందు, చెవి తర్వాత. ఆయన మంచివారే.

అసలు వింత ఏంటంటే, ఎలుక కాలిపోవడం కళ్లారా చూశాను, ముక్క జేబులో ఉంది, గుట్టంతా తెలుసు. అయినా మళ్లీసారి పిల్లి వెంటపడితే బెంచీ అంచున కూర్చుని అదే టెన్షన్. తెలిసిపోయాక కూడా నమ్ముతాం. ఎందుకలా అని ఇంతవయసు వచ్చినా నాకు ఆశ్చర్యమే. దీనికి మాత్రం నా దగ్గర దండ కూడా లేదు.

సరే, సెలవుల్లో ఇంట్లో ఏం చూడాలని మీ అమ్మ అడిగింది. నన్నడిగితే ముందు టొటోరో. జపాన్‌లో హయావో మియాజాకి తీశాడు, 1988లో. అందులో విలన్ లేడు. వానలో బస్టాపు దగ్గర ఇద్దరు అక్కాచెల్లెళ్లు నాన్న కోసం గొడుగు పట్టుకుని నిలబడతారు. పక్కన ఇంత లావు జంతువు నెత్తిన ఒక ఆకు పెట్టుకుని వచ్చి నిలబడుతుంది. అక్క దానికి గొడుగిస్తుంది. గొడుగు మీద చినుకు టప్పుమని పడితే దానికి ఎంత సంబరమో! ఆ సీన్లో చాలాసేపు ఏమీ జరగదు. రిమోట్ ముట్టుకోకండి, ఏమీ జరగకపోవడమే దాని అందం.

టొటోరో విడుదలైన రోజునే, దాన్ని తీసిన గిబ్లి స్టూడియో నుంచి, మిణుగురుల పేరుతో ఇంకో సినిమా (గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్) విడుదలైంది. యుద్ధంలో చిక్కుకున్న అన్నాచెల్లెళ్ల కథ. గొప్ప సినిమా. మీరు మాత్రం ఇప్పుడే చూడొద్దు, కాస్త పెద్దయ్యాక. బొమ్మలతో తీసినంత మాత్రాన అన్నీ చిన్నపిల్లల సినిమాలు కావు. ఇది మీ అమ్మానాన్నలకి కూడా చెప్తున్నాను.

మచ్చల కుక్కపిల్లల సినిమా (101 డాల్మేషియన్స్) 1961ది. నూటొక్క కుక్కలు, ఒక్కోదానికి బోలెడు మచ్చలు, ప్రతి బొమ్మలోనూ అవే చోట ఉండాలి! అప్పుడే పెన్సిల్ గీతని నేరుగా షీటు మీదికి దింపే జిరాక్స్ పద్ధతి వచ్చి ఆదుకుంది. అందుకే ఆ సినిమాలో గీతలు కాస్త గరుగ్గా ఉంటాయి. నాకు ఆ గరుకే నచ్చుతుంది. 1995లో వచ్చిన టాయ్ స్టోరీ మొత్తం కంప్యూటర్ మీద తయారైన మొదటి పెద్ద సినిమా. కంప్యూటరే గీసేస్తుందిగా అంటావేమో చిన్నూ. మధ్యలో చిన్నపూలు అది గుచ్చి పెడుతుంది. పెద్దపూలు ఎక్కడ పెట్టాలో మనిషే చెప్పాలి. (దండ ఆపేస్తానని మాటిచ్చాను, అమ్మమ్మకి చెప్పకండి.) ఇవన్నీ అయ్యాక ఓపిక ఉంటే 1926 నాటి ప్రిన్స్ అఖ్మద్ సినిమా చూడండి. లోటె రైనిగర్ అనే ఆవిడ నల్లకాగితాలు కత్తెరతో కత్తిరించి తీసింది. మాటలుండవు. ఆ కత్తెర పనితనం ఒక్కటి చాలు.

ఇంకో ముక్క. పాత సినిమాల్లో కొన్నిచోట్ల కొన్ని జాతుల మనుషుల్ని వెక్కిరిస్తూ గీశారు. 1953 నాటి పీటర్ పాన్‌లో అలాంటివి ఉన్నాయి. అందరూ నవ్వుతున్నారని మీరూ నవ్వేయకండి. పాజ్ నొక్కి పెద్దవాళ్లని అడగండి. వాళ్లకి తెలియకపోతే అందరూ కలిసి ఆలోచించండి.

ఇక ఈ ఆదివారం పని. రాంగ్ ట్రౌజర్స్ అని 1993 నాటి మట్టిబొమ్మల సినిమా ఉంది, అరగంటే. మెత్తటి మట్టితో బొమ్మ చేసి, వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, మళ్లీ కదిపి ఒక ఫోటో. పాజ్ చేసి చూస్తే మట్టి మీద వేలిముద్రలు కూడా దొరుకుతాయి. అందులో గ్రోమిట్ అని ఒక కుక్క ఉంది. దానికి నోరు లేదు. ఒక్క మాట మాట్లాడదు. అయినా దానికి ఎప్పుడు కోపమొచ్చిందో, ఎప్పుడు బెంగపెట్టుకుందో మీకు తెలిసిపోతుంది. ఎలా తెలిసిందో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి. చిన్నూ, చెల్లెలి కాగితంలో చూసి రాయకు.

మీ
తాతయ్య