ఎవరూ చూడని రేపటికి రంగు ఎవరు వేశారు?

చిరంజీవులిద్దరికీ,
పెదనాన్న ఆశీస్సులు.

మీరు కలిసి గీసిన బొమ్మ చేరింది. గాలిలో మెలికలు తిరిగే పట్టాలు, వాటి మీద మొనదేలిన రైలు, వెనకాల గుండ్రటి మేడలు. కింద ‘భవిష్యత్తులో రోలర్ కోస్టర్’ అని పెద్ద అక్షరాలు. అన్నిటికీ తెల్ల రంగే, దీపాలన్నీ నీలమే. కాగితం తిప్పి చూస్తే వెనక చిన్నది పెన్సిలుతో రాసిన ప్రశ్న కనిపించింది. “పెదనాన్నా, నేను ఆకుపచ్చ వేస్తానంటే అన్నయ్య ఒప్పుకోలేదు. భవిష్యత్తు తెల్లగానే ఉంటుందట. రేపటిని ఎవరూ చూడలేదు కదా, మరి ఆ రంగు వాడికెలా తెలిసింది?”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు నాలుగైదు సార్లు తీసి చదువుకున్నాను. అమ్మాయీ, నీ ప్రశ్న చాలా మంచిది. అబ్బాయీ, నీకు కోపం రాకూడదు. నువ్వు వేసిన తెలుపు నీకు ఊరికే తోచింది కాదు. నువ్వు పుట్టకముందే, నేను కూడా పుట్టకముందే కొందరు దాన్ని ఎంచుకున్నారు. బొమ్మల్లోంచి బొమ్మల్లోకి నడుస్తూ అది నీ కుంచె దాకా వచ్చింది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్ అనే ఊరుంది. 1955 జులై 17న అక్కడ డిస్నీల్యాండ్ అనే వినోదాల పార్కు తెరిచారు. అందులో ఒక భాగం పేరు టుమారోలాండ్, అంటే రేపటి లోకం. ఆ రేపు ఎప్పుడని అడిగితే చెప్పడానికి వాళ్ళు ఒక ఏడాదిని కూడా ఎంచుకున్నారు: 1986. హేలీ తోకచుక్క తిరిగి వచ్చే ఏడాది అదే కాబట్టి. ఆ లోకం నడుమ ఎరుపు, తెలుపు రంగుల్లో ఒక ఎత్తైన రాకెట్టును నిలబెట్టారు. 1986 నాటికి మనుషులు అలాంటి దానిలో టికెట్ కొనుక్కుని చంద్రుడి దగ్గరికి వెళ్ళి వస్తారని వాళ్ళ ఊహ.

అక్కడ మొదటి రోలర్ కోస్టర్ 1959లో వచ్చింది. అది చూడడానికి ఎలా ఉంటుందో చెప్పండి? రాకెట్టులా కాదు, అంతరిక్ష నౌకలా కాదు. మంచు కప్పిన కొండలా ఉంటుంది. స్విట్జర్లాండ్ సరిహద్దులోని మాటర్‌హార్న్ శిఖరానికి అది చిన్న నకలు. అయినా మొదట్లో దాన్ని రేపటి లోకంలోనే లెక్కవేశారు. అసలు విశేషం కొండ లోపల ఉంది. అంతకుముందు రోలర్ కోస్టర్ల పట్టాలు ఎక్కువగా చెక్కతో చేసేవారు. చెక్క పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఉక్కు పట్టీ బిగించేవారు. ఇక్కడ తొలిసారిగా గుండ్రటి ఉక్కు గొట్టాలనే పట్టాలుగా వేశారు. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చు, కొండ కడుపులో ఇరుకు చోట్ల కూడా మెలి తిప్పవచ్చు. ఈనాడు మనం చూసే మెలికల కోస్టర్లన్నీ ఆ గొట్టం పిల్లలే. రేపటి లోకంలో అందరికంటే పాతగా కనిపించిన వస్తువు లోపల అసలైన రేపు దాక్కుని ఉంది.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన ఒక వస్తువు పట్టుకొస్తాను. దుప్పటి.

పడుకుని మోకాళ్ళు పైకి లేపి దుప్పటి కప్పుకోండి. కొండ తయారు. మీ మోకాళ్ళు పట్టాలు, దుప్పటి కొండ. బయటి నుంచి చూసేవారికి దుప్పటే కనిపిస్తుంది. తల లోపలికి దూర్చి చూడండి. మంచం అదే మంచం, గది అదే గది, కానీ లోపల చోటు ఎంత పెద్దదైపోతుందో! చీకటికి అంచు ఉండదు. అంచు కనిపించకపోతే మనసు దాన్ని ఎంత దూరమైనా జరుపుకుంటుంది.

స్పేస్ మౌంటెన్ అనే కోస్టరుకు ఉన్న రహస్యమంతా ఇదే. జాన్ హెంచ్ అనే చిత్రకారుడు 1960ల మధ్యలో దాని బొమ్మలు గీశారు. చీకట్లో అన్ని బండ్లను ఒకేసారి నడిపించే పని అప్పటి కంప్యూటర్లకు చేతకాక చాలా ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. చివరికి 1975 జనవరి 15న ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్ అనే డిస్నీ పార్కులో తెరిచారు. 180 అడుగులకు పైగా ఎత్తు, అడుగున దాదాపు 300 అడుగుల వెడల్పు ఉన్న తెల్లటి శంఖం లాంటి కొండ అది. పట్టాలు పూర్తిగా లోపలే ఉంటాయి. లోపల చీకటి. చీకట్లో నక్షత్రాలు. వాటి మధ్యనుంచి చిన్న రాకెట్టు బండ్లు దూసుకుపోతాయి.

దాని వేగం ఎంతో తెలుసా? గంటకు 45 కిలోమీటర్లు, అంతే. రోడ్డు మీద బస్సు అంతకంటే వేగంగా పోతుంది. కానీ ఎక్కి దిగినవాళ్ళు ఆకాశం నుంచి రాలిపడ్డట్టు ఉందంటారు. పగటి వెలుగులో తిరిగే కోస్టరులో ముందు మలుపు కంటపడుతుంది. కన్ను చూడగానే ఒళ్ళు సర్దుకుంటుంది, చేతులు కమ్మీని గట్టిగా పట్టుకుంటాయి, మెడ బిగుస్తుంది. చీకట్లో ఆ హెచ్చరిక లేదు. బండి కుడికి విసిరాకే కుడి మలుపు వచ్చిందని తెలుస్తుంది. మొహానికి గాలి కొడుతుంది, నక్షత్రాలు వెనక్కి పరుగెత్తుతాయి. మిగతా వేగాన్ని మన గుండే కలుపుకుంటుంది.

దుప్పటి దగ్గరే ఉండండి, ఇంకా పని ఉంది. ఆ కొండ ఫొటో ఎక్కడైనా సంపాదించి చూడండి. బయట పైనుంచి కిందికి గీతలు గీతలుగా పక్కటెముకల్లాంటి కాంక్రీటు దూలాలు కనిపిస్తాయి. అలాంటివి 72 ఉన్నాయి. మామూలు ఇంట్లో కప్పును మోసే దూలాలు లోపలి వైపు ఉంటాయి కదా, ఇక్కడ బయటికి ఎందుకు వచ్చాయి? ఒక దుప్పటిని తిరగేసి చూడండి. అంచుల కుట్లు, ముడులు ఒక వైపే ఉంటాయి, రెండో వైపు నున్నగా ఉంటుంది. హెంచ్ గారు కుట్లున్న వైపును బయటికి తిప్పారు. లోపల నక్షత్రాలను వెలుతురుతో చూపాలంటే గోడ నున్నగా ఉండాలి. మధ్యలో దూలం అడ్డొస్తే నక్షత్రం విరుగుతుంది. అందుకని ఎముకలు బయటికి, ఆకాశం లోపలికి వెళ్ళాయి. పైకి పోయేకొద్దీ ఆ దూలాలు సన్నబడతాయి. దాంతో కొండ ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. నాకు ఆ కట్టడంలో అన్నిటికంటే నచ్చినది ఈ పక్కటెముకలే. లోపలి అవసరం కోసం చేసిన పని బయట అందమై కూర్చుంది. అందం కోసం విడిగా అతికించినది ఏదీ ఇలా నిలవదు.

దుప్పటి కింద ఇద్దరు ఆడుకుంటుంటే తలలు ఢీకొంటాయి, మీకు బాగా తెలుసు. అక్కడ ఒకేసారి ఎన్నో బండ్లు తిరుగుతుంటాయి, చీకట్లో ఒకదానికొకటి ఎందుకు తగలవు? పట్టాలను ముక్కలుగా విభజించుకుంటారు. ఒక ముక్కలో ఒక బండి ఉన్నంతసేపు వెనక బండిని ఆ ముక్కలోకి రానివ్వరు. ముందుది ఖాళీ చేయకపోతే వెనకదానికి బ్రేకు పడుతుంది. ఇదంతా కంప్యూటరు చూసుకుంటుంది. కొండ బొమ్మ గీసిన తరువాత ఏళ్ళ తరబడి వాళ్ళు ఎదురు చూసింది ఈ కాపలావాడి కోసం కూడా.

ఇక రంగు సంగతి. ఆ రోజుల్లో చంద్రుడి మీదికి వెళ్ళడానికి సిద్ధం చేస్తున్న రాకెట్లు తెలుపు, వ్యోమగాములు తొడుక్కున్న దుస్తులు తెలుపు. కాబట్టి రేపు తెల్లగా ఉంటుందనిపించింది. 1967లో రేపటి లోకాన్ని కొత్తగా కట్టినప్పుడు తెల్లగా కట్టారు. స్పేస్ మౌంటెన్ కూడా తెల్లగానే వచ్చింది, 1977లో అనహైమ్‌లో కట్టిన దాని తమ్ముడు కూడా. కానీ 1998లో ఏమైందో తెలుసా? ఆ తెలుపు చూసి చూసి పాతబడిందనిపించి, అనహైమ్ కొండకు రాగి రంగు, కిలం పట్టిన పచ్చదనం పూశారు. జనం అలవాటు పడలేకపోయారు. 2005లో పార్కుకు యాభై ఏళ్ళు నిండే నాటికి కొండ మళ్ళీ తెల్లబడింది. దుప్పటికి అద్దకం వేయించి, నచ్చక, మళ్ళీ చలువ చేయించినట్టు.

పారిస్ దగ్గరి డిస్నీ పార్కులో 1995లో కట్టిన కొండ మాత్రం మొదటినుంచీ కంచు, బంగారు ఛాయల్లో ఉంది. దాని పక్కన పెద్ద ఫిరంగి గొట్టం ఆకాశంలోకి ఏటవాలుగా లేచి ఉంటుంది. ఫ్రాన్సులో జూల్ వెర్న్ అనే రచయిత అంతరిక్షంలోకి పోయే రాకెట్లు రాకముందే, మనుషులను ఫిరంగి గుండులో పెట్టి చంద్రుడి వైపు పేల్చినట్టు కథ రాశారు. ఆ కథనే వాళ్ళు కట్టి చూపించారు. అంటే అది నిన్నటివాళ్ళు కలగన్న రేపు. పెట్టె అడుగున దాచిన అమ్మమ్మ జరీ దుప్పటి లాంటిది. చూడగానే పాతదని తెలుస్తుంది, అందుకే ఇంకా పాతబడదు.

షాంఘై వాళ్ళు దుప్పటే తీసేశారు! 2016లో అక్కడ తెరిచిన పార్కులో స్పేస్ మౌంటెన్ లేదు. దాని చోట ట్రాన్ అనే కోస్టరు ఉంది. అలల్లా వంగిన పెద్ద కప్పు కింద పట్టాలు ఆరుబయటికి వచ్చి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ భవనంలోకి దూరిపోతాయి. ఎక్కినవాళ్ళు మోటారు సైకిలు మీద కూర్చున్నట్టు ముందుకు వంగి కూర్చుంటారు. రాత్రి ఆ కప్పంతా రంగుల వెలుగుతో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. ఇది దుప్పటి కాదు, దోమతెర. లోపలున్నది దాచదు, చూసీ చూడనట్టు చూపిస్తుంది. అబ్బాయీ, నీ నీలి దీపాలు ఇక్కడి నుంచే వచ్చి ఉంటాయి.

దుప్పటి అన్నాను కాబట్టి నాది ఒకటి చెప్పాలి. 1986లో నాకు పదకొండేళ్ళు. హేలీ తోకచుక్క కనిపిస్తుందని మా నాన్న, అంటే మీ తాతయ్య, తెల్లవారుజామున నాలుగింటికి లేపి మేడ మీదికి తీసుకెళ్ళారు. చలికి దుప్పటి చుట్టుకునే వెళ్ళాను. చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. “తొందరపడకు. కళ్ళకు చీకటి అలవాటు కానీ” అన్నారు నాన్న. చాలాసేపు కూర్చున్నాం. ఒక్కో నక్షత్రం దానంతట అదే పుట్టుకొచ్చినట్టు అయింది. ఆ తరువాత దక్షిణం వైపు కిందుగా, పలక మీద సుద్దతో రాసి వేలితో తుడిస్తే మిగిలే మరకలా ఒకటి కనిపించింది. అదే. నాకు ఏడుపొచ్చింది. నేను పెద్ద వెలుగుతోక కోసం ఎదురుచూశాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, “అది డెబ్భై ఆరేళ్ళకు వచ్చిందిరా, మనల్ని అడక్కుండానే లెక్క తప్పకుండా వచ్చింది” అన్నారు.

అదే ఏడాదికి అమెరికాలో ఆ పెద్దమనుషులు చంద్రుడికి టికెట్లు అమ్ముతామనుకున్నారని నాకు ఆ రాత్రి తెలియదు. ఎన్నో ఏళ్ళ తరువాత చదివాను. వాళ్ళ ఊహ తప్పిందని మీరు నవ్వకండి. రేపటి గురించి గీసినవాడు తప్పు గీసినా, అసలు గీయనివాడి కంటే ఒక అడుగు ముందే ఉంటాడు. కానీ ఒకటి గమనించండి. రాకెట్టు ఆకారం మారింది, రంగులు మారాయి, టోక్యో డిస్నీల్యాండ్‌లో 1983 నుంచి ఉన్న స్పేస్ మౌంటెన్‌ను 2024లో మూసి కొత్తది కట్టడం మొదలుపెట్టారు. తోకచుక్క మాత్రం చెప్పిన ఏడాదికే వచ్చింది. దాన్ని అంత దూరం నుంచి వెనక్కి తిప్పింది సూర్యుడి ఆకర్షణ. మీ బొమ్మలోని రైలును ఎత్తు మీదినుంచి కిందికి లాగేది భూమి ఆకర్షణ. రెండూ ఒకటే శక్తి పిల్లలూ! గొలుసు ఆ రైలును పైదాకా లాగి వదిలేస్తుంది. అక్కడినుంచి తోకచుక్కను తిప్పే చెయ్యే దాన్నీ తీసుకెళ్తుంది. ఇది ఎలాగని ఇంకా అడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ మేడ మీది చలి మళ్ళీ తెలుస్తుంది.

హేలీ మళ్ళీ 2061లో వస్తుంది. అప్పటికి మీరిద్దరూ నా ఇప్పటి వయసుకు దగ్గరలో ఉంటారు.

అందుకని బొమ్మ వెనక్కి పంపుతున్నాను. తెలుపు చెరపలేదు. పక్కన ఖాళీ కాగితం పెట్టాను. దాని మీద పట్టాలు మాత్రం పెన్సిలుతో మళ్ళీ గీయండి. మొదటి ఎత్తు అన్నిటికంటే పెద్దదిగా ఉండాలి, తరువాతివన్నీ దాని కంటే చిన్నవి కావాలి. లేకపోతే మీ రైలు మధ్యలో ఆగిపోతుంది. మూల 2061 అని వేయండి. ఈ రాత్రి దీపాలార్పి ఇద్దరూ దుప్పటి కిందికి చేరి, టార్చిలైటు వెలిగించకుండా కాసేపు ఊరికే కూర్చోండి. కళ్ళకు చీకటి అలవాటయ్యాక మీకు ఏ రంగు తోస్తుందో అది చిన్నది ముందు వేస్తుంది. తరువాత అన్నయ్య వేస్తాడు.

ఇద్దరి రంగులూ ఎండాక నాకు పంపండి.

మీ
పెదనాన్న