ఈమెయిల్ లిస్టును డేటాబేస్‌లో దాచడం: అపోహలు - వాస్తవాలు

తిరుపతి లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్లు, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు... ఇప్పుడు అందరి దగ్గరా ఈమెయిల్ లిస్టులున్నాయి. వాటిని మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు నాకు తరచూ వినబడే మాటలివి.

అపోహ: "మెయిల్ అడ్రసులుంటే చాలు సార్, మిగతాదెందుకు?"

వాస్తవం: నన్నడిగితే అడ్రసుల కంటే విలువైంది, ఎవరు వద్దన్నారన్న సమాచారం. గుంపుగా మెయిల్స్ పంపే మెయిల్‌చింప్ సర్వీసులో ఎక్స్‌పోర్ట్ కొడితే జిప్‌లో సబ్‌స్క్రయిబ్ అయినవాళ్లు, అన్‌సబ్‌స్క్రయిబ్ చేసినవాళ్లు, మెయిల్ చేరక పక్కనబెట్టినవాళ్లు వేర్వేరు ఫైళ్లుగా వస్తారు. చాలామంది మొదటి ఫైలు ఒక్కటే ఎక్కించి ఊరుకుంటారు. రేపు ఏ పాత లిస్టో మళ్లీ వాడితే, ఎప్పుడో వద్దన్నవాళ్లకు బ్రహ్మోత్సవాల ఆఫర్ వెళ్తుంది. వాళ్లు స్పామ్ బటన్ నొక్కకుండా ఉంటారా? జీమెయిల్‌కు రోజుకు 5,000 పైచిలుకు మెయిల్స్ పంపేవాళ్లు స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టింది. అందుకే మూడు ఫైళ్లూ ఎక్కించండి, స్టేటస్‌కు ఒక కాలమ్, అది మారిన తేదీకి ఇంకో కాలమ్ పెట్టండి.

ఒక్కొక్కరికి మనం తగిలించే గుర్తులు, అంటే ట్యాగుల సంగతీ అంతే. "తోతాపురి, గల్ఫ్, పాత బయ్యర్" అని ఒకే గడిలో కుక్కితే తర్వాత వెతుక్కోలేక చస్తాం. ట్యాగులకొక టేబుల్, ఎవరికి ఏ ట్యాగో చెప్పే టేబుల్ ఇంకొకటి ఉండాలి.

అపోహ: "ముందు ఎక్సెల్‌లో తెరిచి సరిచూసి, సేవ్ చేసి పంపిస్తాం."

వాస్తవం: దయచేసి వద్దు! 0877తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరు ముందున్న సున్నా ఎగిరిపోతుంది. 91తో కలిపి 12 అంకెలున్న మొబైల్ నంబరును ఎక్సెల్ కుదించి చూపిస్తుంది, అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలు గల్లంతే. దించుకున్న ఫైలును ముట్టుకోకుండా అలాగే ఎక్కించాలి. టేబుల్‌లో ఫోన్ కాలమ్ వార్‌క్యార్‌గా, అంటే అక్షరాలు దాచే రకంగా ఉండాలి. అంకెలు దాచే ఇంట్ రకం పెడితే 214 కోట్ల చిల్లర దాటిన అంకె పట్టదు, మన మొబైల్ నంబర్లన్నీ అంతకంటే పెద్దవే.

అపోహ: "తెలుగు పేర్లు బాగానే వచ్చాయి, యూటీఎఫ్8 చాలు."

వాస్తవం: మైఎస్‌క్యూఎల్‌లో అక్షరాలను దాచే పద్ధతుల్లో ఒకటైన ఆ పాత యూటీఎఫ్8 ఒక అక్షరానికి 3 బైట్లే ఇస్తుంది. తెలుగుకు అది సరిపోతుంది. పేరు పక్కన దండం ఎమోజీ పెట్టిన ఒక్క భక్తుడొస్తే 4 బైట్లు కావాలి, ఇంపోర్ట్ అక్కడే ఆగుతుంది. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోండి.

అపోహ: "ప్రతివారం మళ్లీ ఇంపోర్ట్ చేస్తున్నాం, మెయిల్‌చింప్ లిస్టు, మన టేబుల్ రెండూ ఒకేలా ఉంటాయి."

వాస్తవం: ఇంపోర్ట్‌కు వాడే 'ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్' కమాండ్ ఉన్నవాటిని మారుస్తుంది, కొత్తవి చేరుస్తుంది. ఫైల్లోంచి మాయమైనవాళ్లను మాత్రం తీసేయదు. ముందు తాత్కాలిక టేబుల్‌లో దించి, అసలు టేబుల్‌తో పోల్చి చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది. అన్నట్టు, సీఎస్‌వీలో లైన్ల సంఖ్య, టేబుల్‌లో వరుసల సంఖ్య కలవలేదని వెంటనే టెన్షన్ పడొద్దు. చిరునామా గడిలో ఎవరో ఎంటర్ కొట్టి ఉంటే ఒకే మనిషి వివరాలు రెండు మూడు లైన్లలో ఉంటాయి.