ఆపరేషన్ ఒక్కటే దారి ఎలా అయింది?

కోనసీమలో ఇద్దరు పిల్లల తల్లి ఎవరైనా కనిపిస్తే, పరిచయమైన కాసేపటికే ఆడవాళ్లు అడిగే మాట ఒకటుంది: "ఆపరేషన్ అయిపోయిందా?" ఏ ఆపరేషనో చెప్పక్కర్లేదు. రాజోలులోనైనా, గోదావరి అవతల నరసాపురంలోనైనా దాని అర్థం ట్యూబులు కట్టేయడమే. గర్భం రాకుండా హార్మోన్లు లేని పద్ధతులు ఏమున్నాయని ఇప్పుడు అడుగుతున్న అమ్మాయిలకు, ఆ ఒక్క మాట మిగతావాటిని ఎలా కమ్మేసిందో ముందు చెప్పాలి.

ప్రభుత్వం కుటుంబ నియంత్రణ మొదలుపెట్టింది 1952లో. 1965లో లూప్ వచ్చింది. గర్భసంచిలో పెట్టే, మెలికలు తిరిగిన చిన్న ప్లాస్టిక్ వస్తువు, అందులో హార్మోనూ లేదు, రాగీ లేదు. వేయడంలో ఉన్న ఆత్రం వేసిన తర్వాత చూసుకోవడంలో లేకపోయింది. రక్తం ఎక్కువ పోయినా, నొప్పి వచ్చినా ఆడవాళ్లు ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. లూప్ అంటేనే భయం పట్టుకుంది. తర్వాత వచ్చిన, రాగి చుట్టిన కాపర్-టి వేరే వస్తువే అయినా, అమ్మమ్మలు చెప్పిన లూప్ కథలే మనవరాళ్లు దాని గురించి కూడా వింటున్నారు.

అసలు మలుపు ఎమర్జెన్సీ. 1976-77లో దేశమంతా కలిపి 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎక్కువ మగవాళ్లవే. బలవంతంగా చేసిన ఆపరేషన్ల మీద జనం కోపం కూడా తోడై 1977 ఎన్నికల్లో ప్రభుత్వమే ఓడిపోయింది. ఆ తర్వాత మగవాళ్ల జోలికి వెళ్లడానికి ఎవరూ సాహసించలేదు. భారం మొత్తం ఆడవాళ్ల మీద పడింది. ఆరోగ్య సిబ్బందికి ఇన్ని కేసులని టార్గెట్లు 1996 వరకు ఉన్నాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో రాష్ట్రం చట్టం చేసింది. 2024లో దాన్ని ఎత్తేశారు.

ఫలితం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. కాపర్-టి, మాత్రలు, కండోమ్ అన్నీ కలిపినా రెండు శాతానికి చేరవు.

ఆపరేషన్‌ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. నాట్లకు, రొయ్యల షెడ్లకు వెళ్లే మనిషికి, కువైట్‌కో మస్కట్‌కో పనికి వెళ్లే మనిషికి, మళ్లీ ఆలోచించక్కర్లేని పద్ధతి ఊరటే. నా బాధ అంతకు ముందు సంవత్సరాల గురించి. చిన్న వయసులో పెళ్లి, ఏడాదికో బిడ్డ, రెండో కాన్పుతోనే ఆపరేషన్. మధ్యలో ఎడం ఇచ్చే పద్ధతి ఒకటుందని ఎంతమందికి చెప్పాం?

కాపర్-టి 380ఏ పదేళ్లు పనిచేస్తుంది. రాగి వీర్యకణాల్ని కదలనివ్వదు, పనిచేయనివ్వదు. ఎప్పుడు తీయించుకున్నా మళ్లీ గర్భం రావచ్చు. కాన్పయిన 48 గంటల్లోపు కూడా వేయొచ్చు. మొదటి కొన్ని నెలలు నెలసరి ఎక్కువ కావచ్చు, కడుపులో నొప్పి రావచ్చు. పది మంది ఆడవాళ్లలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉన్న రాష్ట్రం మనది, కాబట్టి వేయించుకునే ముందు రక్తం ఎంతుందో చూపించుకోవడం మంచిది.

గర్భం రాకుండా వేసుకునే ఛాయ మాత్ర మన దేశంలోనే, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది. 1991లో సహేలి పేరుతో బజారులోకి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఇది స్టెరాయిడ్ హార్మోను కాదు, కానీ ఒంట్లోని ఈస్ట్రోజన్ పనిలో కలగజేసుకుంటుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. నెలసరి ఆలస్యమైతే టెన్షన్ పడతారు, అది ముందే చెప్పాలి. అండాశయాల్లో నీటిబుడగలు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు.

కండోమ్‌కి ఇక్కడ ఇంకో కష్టం వచ్చింది. గోదావరి జిల్లాల్లో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రోజుల్లో దాని ప్రచారమంతా రోగం చుట్టూ తిరిగింది. దాంతో భార్యాభర్తల మధ్య ఆ మాట ఎత్తితే అనుమానంలా వినిపించే పరిస్థితి వచ్చింది. ఈ ముద్ర పోగొట్టే పని ఎవరూ చేయలేదు.

మొదటి బిడ్డను ఎత్తుకుని టీకాకు వచ్చిన అమ్మాయిని ఇప్పటికీ ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు అడిగేది "రెండోది ఎప్పుడు?" అనే. ఎంత ఎడం కావాలమ్మా అని ఆమెను అడగాల్సింది ఆ రోజే, ఆ టీకా వరుసలోనే.