లూజ్ మోషన్స్ అన్నీ అమీబా కాదు: ఐబీఎస్-డి మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: "అమీబా పట్టింది, ఇంకో కోర్సు వాడితే పోతుంది."

వాస్తవం: విజయవాడలోనైనా గుంటూరులోనైనా మందుల షాపుకెళ్లి మోషన్స్ అంటే చేతిలో పెట్టేది ఎక్కువగా బ్యాక్టీరియాను, అమీబాను చంపే ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ స్ట్రిప్పే. ఆరు నెలల్లో నాలుగు కోర్సులు మింగినా టిఫిన్ తినగానే పరుగు తప్పట్లేదంటే అమీబా అనే మాటనే అనుమానించాలి. తిండి పొట్టలో పడగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉన్నదే. ఐబీఎస్-డిలో (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లో విరేచనాల రకం) ఆ కదలిక జోరెక్కుతుంది, పేగు కాస్త ఉబ్బినా నొప్పి తెలుస్తుంది. మలంలో తెల్లటి జిగట ఐబీఎస్‌లోనూ పడుతుంది. ఐబీఎస్ వల్ల రక్తం మాత్రం పడదు.

అపోహ: "రిపోర్టులన్నీ నార్మల్, కాబట్టి అంతా మనసులోనే."

వాస్తవం: కొలనోస్కోపీ పేగు గోడను చూపిస్తుంది, దాని నడకను కాదు. లక్షణాలు మొదలై ఆరు నెలలు దాటి, గత మూడు నెలలుగా వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి, దానితోపాటు విరేచనాల తీరులో మార్పు ఉంటే ఐబీఎస్ అనుకోవచ్చు. నొప్పి లేకుండా ఉత్త నీళ్ల విరేచనాలే అయితే షుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా, థైరాయిడ్ ఎలా ఉంది అన్నవి ముందు చూడాలి. పెద్ద మోతాదులో డిప్రెషన్‌కు వాడే అమిట్రిప్టిలిన్‌ను రాత్రిపూట 10 మి.గ్రా. రాస్తే "పిచ్చి మాత్ర" అని పక్కన పెట్టేయకండి. ఆ మోతాదులో అది పేగు నరాల దూకుడు తగ్గించడానికి.

అపోహ: "కారం మానేస్తే చాలు."

వాస్తవం: గుంటూరు మిరప ఘాటు పేగును రెచ్చగొట్టే మాట నిజమే. కానీ కారప్పొడి ఇడ్లీ పడకపోతే నిందంతా మిరపకాయ మీదే వేస్తాం, అదే పొడిలో దంచిన వెల్లుల్లిని వదిలేస్తాం. ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు మనకు అరగవు. అవి పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి, నీళ్లను లాగుతాయి. శనగపిండి బజ్జీ మీద పచ్చి ఉల్లిపాయ ముక్కలంటే ఇక చెప్పక్కర్లేదు.

ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే పోపులో వెల్లుల్లి రెబ్బల్ని వేయించి, నీటి తడి తగలకముందే తీసేస్తే వాసన మిగులుతుంది, బాధ తప్పుతుంది. పప్పులో, సాంబారులో రెబ్బలు ఉడికించి తీసేస్తే లాభం లేదు, సరుకంతా పులుసులోకి దిగిపోతుంది. శనగలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండుకోండి. గోధుమలోనూ ఫ్రక్టాన్లు ఉంటాయి, దాన్ని తగ్గించి అన్నం తినండి. ఈ పత్యం నాలుగు నుంచి ఆరు వారాలే. తర్వాత ఒక్కో పదార్థాన్ని మూడు రోజులు కొద్దికొద్దిగా పెంచుతూ తిని చూడాలి. జన్మంతా ఉల్లి మానేయమని ఎవరూ చెప్పరు.

అపోహ: "ఇసబ్‌గోల్ మలబద్ధకానికే."

వాస్తవం: అది నీళ్లను పీల్చుకుని జిగురులా మారి పల్చటి మలాన్ని చిక్కబరుస్తుంది. అర చెంచాతో మొదలుపెట్టి పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగాలి. గోధుమ తవుడు మాత్రం వద్దు, ఉబ్బరం పెంచుతుంది.

అపోహ: "మోషన్ ఆపే మాత్ర ప్రమాదం."

వాస్తవం: బస్టాండుకు బయల్దేరే ముందు పెద్దవాళ్లు 2 మి.గ్రా. లోపెరమైడ్ వేసుకోవచ్చు. నొప్పికి అది పనిచేయదు. డాక్టరు చెప్పకుండా రోజుకు 8 మి.గ్రా. దాటితే గుండె లయకే ముప్పు. జ్వరం, మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనం, 45 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన బాధ: వీటిలో ఏది ఉన్నా ఆ మాత్రతో నెట్టుకురాకుండా ముందు పరీక్షలు చేయించుకోండి.