దారి ఉపగ్రహానిది, ఎత్తు గాలిది

శంషాబాద్ విమానాశ్రయం సముద్ర మట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉంది. వానాకాలంలో క్యూఎన్‌హెచ్, అంటే సముద్ర మట్టానికి లెక్కగట్టిన ఒత్తిడి, 1003 హెక్టోపాస్కళ్లకు దిగిందనుకోండి. విమానం తన ఎత్తును రేడియోలో చెప్పే పరికరం ట్రాన్స్‌పాండర్. దాని లెక్కను దిద్దకుండా చూపే విమానాల ట్రాకింగ్ యాప్‌లో ఆ రోజు విమానం నేల వదులుతూనే 2,300 అడుగుల పైన కనిపిస్తుంది. అందులో తప్పేం లేదు. పైలట్ తన ఎత్తు చూపే పరికరం ఆల్టిమీటర్‌లో ఏ ఒత్తిడి అంకె పెట్టుకున్నా ట్రాన్స్‌పాండర్ మాత్రం ప్రామాణిక ఒత్తిడి 1013.25 ఆధారంగానే ఎత్తు చెబుతుంది. ఒక్కో హెక్టోపాస్కల్‌కు తేడా సుమారు 28 అడుగులు.

1929 సెప్టెంబర్ 24న అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ బయటేమీ చూడకుండా, పరికరాలనే నమ్ముకుని టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా విమానం నడిపాడు. వాటిలో పాల్ కోల్స్‌మన్ తయారుచేసిన ఆల్టిమీటర్ ఒకటి. అది నిజానికి కొలిచేది గాలి ఒత్తిడిని; ఎత్తు దాన్నుంచి తీసిన లెక్క. ఏ రోజు ఒత్తిడిని ఆ రోజు మనిషే అందులో పెట్టాలి. నేటికీ పద్ధతి అదే.

1003ను 1013గా విని పెడితే ఆల్టిమీటర్ 280 అడుగులు ఎక్కువ చూపిస్తుంది, అంటే విమానం అనుకున్నదానికంటే కిందుంటుంది. ఈ పొరపాటు నేల మీదే దొరకాలి. కదలకముందు చూస్తే 2,024కు అటూ ఇటూ 60 అడుగులలోపు ఉండాలన్నది సాధారణ ఆల్టిమీటర్లకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పరిమితి. రెండో పొరపాటు అంత తేలిగ్గా దొరకదు. పైకి ఎక్కుతూ ట్రాన్సిషన్ ఎత్తు దాటాక అందరూ ఆల్టిమీటర్‌ను 1013కు మార్చాలి. 1003 మీదే ఉంచేసి ఫ్లైట్ లెవల్ 110 (1013 లెక్కన 11,000 అడుగులు) కోసం 11,000 దగ్గర ఆగితే, ఆ లెక్కన నిజంగా ఆగేది 11,280 దగ్గర. పై విమానానికి ఉండాల్సిన వెయ్యి అడుగుల ఎడంలో పావు వంతుకు పైగా పోయినట్టే. ఫ్రీక్వెన్సీ మారడం, చెక్‌లిస్టు, కొత్త హెడింగ్ అన్నీ ఆ నిమిషంలోనే మీద పడతాయి మరి.

మే ఎండ తీరు వేరు. 41 డిగ్రీల వేడిలో అసలు ఎత్తు ఆల్టిమీటర్ చూపేదానికంటే ఎక్కువే ఉంటుంది, కాకపోతే ఇంజన్ బలం తగ్గి విమానం మెల్లగా ఎక్కుతుంది.

దారి విషయంలో కాలం బాగా మారింది. నేల మీది నుంచి దిశ చెప్పే రేడియో కేంద్రం వీఓఆర్. దాని సిగ్నల్‌లో ఒక డిగ్రీ తేడా వస్తే 60 నాటికల్ మైళ్ల దూరాన ఒక మైలు పక్కకు జరిగినట్టే. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్‌కు కావాలని కలిపిన దోషాన్ని తీసేసింది. ఇప్పుడు ఆర్‌నావ్ 1 అనే ప్రమాణంతో గీసిన దారుల్లో విమానం 95 శాతం సమయం గీతకు ఒక నాటికల్ మైలులోపే ఉండాలి. జీపీఎస్ కచ్చితత్వాన్ని పెంచే మన ఉపగ్రహ వ్యవస్థ గగన్‌కు 2013 డిసెంబర్‌లో తొలి ధ్రువీకరణ వచ్చింది.

అయితే ఉపగ్రహ సంకేతాన్ని మోసగించవచ్చు. స్పూఫింగ్ జరిగితే మ్యాప్ పక్కకు జరుగుతుంది, నేల హెచ్చరిక వ్యవస్థ ఉత్తపుణ్యానికే ‘పుల్ అప్’ అని అరుస్తుంది. ఒత్తిడి ఆల్టిమీటర్‌కు మాత్రం ఏమీ కాదు. అందుకే సిబ్బంది స్థానానికి ఇనర్షియల్ (విమానం కదలికల నుంచే స్థానం లెక్కగట్టేది), డీఎంఈ (నేల మీది కేంద్రం నుంచి దూరం చెప్పేది) లెక్కలు, ఎత్తుకు ఆల్టిమీటర్ చూసుకుంటూ కంట్రోలర్‌కు వెంటనే చెబుతారు.