చమురు బావుల తుప్పులో బ్యాక్టీరియా పాత్ర: అపోహలు - వాస్తవాలు

తుప్పు నివారణ వృత్తిలో ఉన్నవారి నోట కూడా తరచుగా వినిపించే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఆక్సిజన్ లేని చోట ఉక్కు తుప్పు పట్టదు.

వాస్తవం: ఈ నమ్మకంతోనే బావిలోకి పంపే నీటిలోంచి ఆక్సిజన్‌ను తొలగించి నిశ్చింతగా ఉండిపోతారు. తొలగించడం అవసరమే, కానీ అలా శుద్ధిచేసిన నీరే ఆక్సిజన్ లేకుండా బతికే అవాయు బ్యాక్టీరియాకు అనువైన నివాసమవుతుంది. చమురు పొరలో ఒత్తిడి తగ్గకుండా ముంబై హై వంటి క్షేత్రాలలో సముద్రపు నీటిని లోపలికి పంపుతారు. ఆ నీటిలో లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటుంది. డీసల్ఫోవిబ్రియో వంటి బ్యాక్టీరియా శ్వాసక్రియలో ఆక్సిజన్‌కు బదులు ఈ సల్ఫేట్‌ను వాడుకుని, ఉక్కును తినివేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తుంది. గాలి చొరని తడి నేలలో పాతిన ఇనుప గొట్టాలు చెడిపోవడానికి ఈ బ్యాక్టీరియాయే కారణమని నెదర్లాండ్స్ పరిశోధకులు 1934లోనే వివరించారు. వీటిలో కొన్ని రకాలు ఇనుము నుంచి నేరుగా ఎలక్ట్రాన్లను గ్రహించి కూడా తుప్పు పట్టించగలవని 2004లో జర్మనీ పరిశోధకులు చూపించారు.

అపోహ: నీటి నమూనాలో బ్యాక్టీరియా తక్కువగా ఉంటే గొట్టం క్షేమంగా ఉన్నట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. పోషక ద్రావణం ఉన్న సీసాలలో నమూనాను పదేసి రెట్లు పలచన చేసుకుంటూ పోసి, 28 రోజుల వరకు ఉంచి, ఎన్ని సీసాలు నల్లబడ్డాయో చూసే పాత పరీక్షలో, ఆ ద్రావణంలో పెరగగలిగినవి మాత్రమే లెక్కకు వస్తాయి. క్షేత్రంలోని సూక్ష్మజీవులలో చాలావరకు అందులో పెరగవు. అంతకంటే ముఖ్యంగా, ఉక్కుకు హాని చేసేవి నీటిలో తేలుతూ కనిపించేవి కావు, గోడకు అంటుకుని జిగురు పొర కింద గుంపుగా బతికేవి. కాబట్టి గొట్టంలో అమర్చిన ఉక్కు కూపన్లను (తుప్పును గమనించడానికి ఉంచే చిన్న ఉక్కు ముక్కలను) తీసి, వాటిపై పేరుకున్న పొరను గీకి, డీఎన్ఏ పరీక్షకు పంపాలి. ఈ పనికి ఖర్చు ఎక్కువైనా వెనుకాడకూడదు.

అపోహ: బయోసైడ్ (సూక్ష్మజీవులను చంపే మందు) మోతాదు పెంచితే చాలు.

వాస్తవం: గ్లూటరాల్డిహైడ్ వంటి మందు జిగురు పొర పైభాగంలోని జీవులతోనే చర్య జరిపి ఖర్చయిపోతుంది, అడుగున ఉన్నవి తిరిగి పెరుగుతాయి. ముందు పైపులైన్లలో పిగ్‌ను (గొట్టం లోపలి గోడను గీకుతూ సాగే పరికరాన్ని) నడిపి మడ్డిని తొలగించి, ఆ వెంటనే మందు పంపాలి. అలాస్కాలోని ప్రూడో బేలో 2006 మార్చిలో, ప్రవాహం మందగించి అడుగున మడ్డి పేరుకున్న 34 అంగుళాల పైపులైన్‌కు చిల్లు పడి, సుమారు 5,000 పీపాల చమురు నేలపాలైనప్పుడు, ప్రధాన అనుమానం సూక్ష్మజీవుల తుప్పు మీదే నిలిచింది.

అపోహ: బావి అడుగున ఉండే వేడికి ఏ సూక్ష్మజీవీ బతకదు.

వాస్తవం: సల్ఫేట్‌ను వాడుకునే ఆర్కియోగ్లోబస్ అనే ఆర్కియా (బ్యాక్టీరియాను పోలిన మరో రకం సూక్ష్మజీవి) 80 డిగ్రీల సెల్సియస్ దాటినా పెరుగుతుంది. పైగా చల్లని సముద్రపు నీరు, దాన్ని లోపలికి పంపే ఇంజెక్షన్ బావి చుట్టూ ఉన్న రాతిపొరను చల్లబరిచి, అంత వేడిని తట్టుకోలేని జాతులకు కూడా చోటు కల్పిస్తుంది.

అపోహ: గుండ్రటి గుంటలు కనిపిస్తే అది బ్యాక్టీరియా పనే.

వాస్తవం: కార్బన్ డయాక్సైడ్ వల్ల కూడా అటువంటి గుంటలే పడతాయి. గుంట ఆకారం, అందులోని ఐరన్ సల్ఫైడ్, అక్కడి జీవుల డీఎన్ఏ, నీటి రసాయన విశ్లేషణ అన్నీ ఒకే కారణాన్ని చూపినప్పుడే నివేదికలో సూక్ష్మజీవుల తుప్పు అని రాయాలి.